మా జీపు షాఫ్ట్ అడాప్టర్: నాలుగేళ్లు, 41 వేల కిలోమీటర్ల తర్వాత

మాది నర్సీపట్నం. నాన్నగారి పాత మహీంద్రా జీపుకి 2021లో ఐదు గేర్ల గేర్‌బాక్స్ పెట్టించాను. బాక్స్ బాగానే కూర్చుంది, చిక్కల్లా ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ తిప్పే శక్తిని యాక్సిల్‌కి చేర్చే పొడవాటి గొట్టం) దగ్గర వచ్చింది. బాక్స్ వైపు ఫ్లాంజ్ (బోల్టులు బిగించే గుండ్రటి పళ్లెం) బోల్టు రంధ్రాల కొలత ఒకటి, షాఫ్ట్ వైపు ఫ్లాంజ్‌ది ఇంకొకటి. రెండింటినీ కలపడానికి మధ్యలో ఒక ఇనుప అడాప్టర్ చేయించాలి. నేను రెండుసార్లు చేయించాను. మొదటిది ఐదు నెలలకే పాడైంది. రెండోది ఇప్పటికీ బండి కింద ఉంది.

మొదటిది చేసిన వర్క్‌షాప్‌లో మందం ప్లేటు కోసి ఎనిమిది రంధ్రాలు వేసి ఇచ్చారు. 1,800 రూపాయలు తీసుకున్నారు. చూడ్డానికి గట్టిగానే ఉంది. కానీ 50 దాటితే స్టీరింగ్ కాదు, సీటు కింద నేల వణికేది. అద్దంలో వెనక బండి రెండుగా కనిపించేది. టైర్లేమో అని రెండుసార్లు బ్యాలెన్సింగ్ చేయించాను, డబ్బు దండగ. చివరికి 60లో న్యూట్రల్ చేసి వదిలి చూశాను. ఇంజిన్ శబ్దం తగ్గింది, వణుకు మాత్రం అలాగే ఉంది. అంటే లోపం ఇంజిన్‌లో లేదు, దాని వెనకెక్కడో ఉంది.

లంబసింగి ఘాట్ దిగి వచ్చాక షాఫ్ట్ విప్పించాను. బోల్టు రంధ్రాలు గుండ్రంగా లేవు, కోడిగుడ్డు ఆకారంలోకి సాగిపోయాయి. వాటి చుట్టూ ఎర్రటి మెత్తటి పొడి, వేలికి కుంకుమలా అంటింది. ఇనుము మీద ఇనుము రాసుకుని వచ్చిన తుప్పు అది. గేర్‌బాక్స్ వెనక సీల్ కూడా కారుతోంది. అడాప్టర్ మందం 22 మిల్లీమీటర్లు. అంత పొడవు పెరిగినా షాఫ్ట్ తగ్గించలేదు. గుంతలో పడ్డప్పుడల్లా స్లిప్ జాయింట్ (షాఫ్ట్ పొడవు పెరిగి తగ్గేలా జారే భాగం) చివరిదాకా మూసుకుపోయి బాక్స్‌ని ముందుకు గుద్దుతోంది.

రెండోది గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన లేత్ (ఇనుముని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద చేశారు. పాత అడాప్టర్‌తోనే షాఫ్ట్ బిగించి, డయల్ గేజ్ (అతి చిన్న ఊగుని కూడా సూదితో చూపే పరికరం) పెట్టి చేత్తో నెమ్మదిగా తిప్పారు. సూది 0.7 మిల్లీమీటర్లు ఊగింది. అంటే షాఫ్ట్ కొస నడి మధ్యలో కాకుండా 0.35 మిల్లీమీటర్లు పక్కకు కూర్చుంది. ఇంత చిన్న తేడాకే ఇంత వణుకా అని అడిగాను. ఆయన లెక్క చెప్పారు. 60 స్పీడులో మా చక్రం నిమిషానికి దాదాపు 440 చుట్లు తిరుగుతుంది. యాక్సిల్ రేషియో 5.38, అంటే చక్రం ఒక చుట్టుకి షాఫ్ట్ 5.38 చుట్లు, కాబట్టి షాఫ్ట్ 2,370 చుట్ల దాకా తిరుగుతుంది. పక్కకు ఒరిగిన బరువు అన్నిసార్లూ బండిని కొడుతుంది.

"బోల్టు పని పట్టుకోవడం వరకే బాబూ. మధ్యలో నిలబెట్టేది ఈ స్టెప్పు" అని జాబ్ (చెక్కుతున్న అడాప్టర్) మీద ఎత్తుగా ఉన్న గుండ్రటి అంచుని గోరుతో చూపించారు. నాకు అసలు విషయం అక్కడే అర్థమైంది. బాక్స్ ఫ్లాంజ్ నడుమ ఉన్న గుంటలో బిగుతుగా కూర్చునే స్టెప్పు ఒక పక్క, షాఫ్ట్ ఫ్లాంజ్‌కి సరిపోయే స్టెప్పు రెండో పక్క. నడుమ రంధ్రం, వెనక స్టెప్పు, ముఖం ఒకే సెట్టింగ్‌లో తీశారు. తర్వాత జాబ్ తిప్పి కట్టి, డయల్ పెట్టి సరిచూశాకే రెండో పక్క ముట్టుకున్నారు. ఈఎన్ 8 (ఒక రకం ఉక్కు) రౌండ్ బార్, 10.9 గ్రేడ్ (ఎక్కువ బలమున్న) బోల్టులు. షాఫ్ట్‌ని 22 మిల్లీమీటర్లు తగ్గించి, రెండు కొసల యోక్‌లు (చీలిన కొమ్ముల్లాంటి ముక్కలు) ఒకే వరసలో ఉండేలా వెల్డ్ చేసి, డైనమిక్ బ్యాలెన్సింగ్ (తిప్పి చూసి బరువు సమానం చేయడం) చేయించారు. బండికి బిగించాక సూది ఊగింది 0.04 మాత్రమే. మొత్తం ఖర్చు 6,500.

ఇంటికి వస్తూ 80 దాకా తీసుకెళ్లాను. నేల కదల్లేదు. ఆ రోజు నాన్నగారు పక్కసీట్లో నిద్రపోయారు, నాకు అంతకంటే సర్టిఫికెట్ అక్కర్లేదు.

41 వేల కిలోమీటర్లలో అడాప్టర్‌కి చిన్న గీత కూడా పడలేదు. 28 వేల దగ్గర క్రాస్ (యోక్‌లను కలిపే ప్లస్ గుర్తు ఆకారపు ముక్క) ఒకటి మార్చాను, వాగు నీళ్లలో దింపి వెంటనే గ్రీజు కొట్టకపోవడం నా తప్పే. ఒక్క ఇబ్బంది మాత్రం ఉంది. బాక్స్ వైపు నాలుగు ఆలెన్ బోల్టులు (తలలో ఆరు మూలల గుంట ఉండేవి) షాఫ్ట్ ఫ్లాంజ్ వెనక దాక్కుంటాయి. షాఫ్ట్ దింపితే తప్ప వాటి బిగువు చూడలేం. బయటి నాలుగింటి మీద పెయింట్ గీత పెట్టాను కాబట్టి వంగి చూస్తే కదిలాయో లేదో తెలుస్తుంది. లోపలివాటికి ఆ వీలు లేదు, అందుకే పది వేలకోసారి విప్పిస్తాను.

చేయించుకునేవాళ్లు లేత్ దగ్గరికి రెండు ఫ్లాంజ్‌లూ చేత్తో తీసుకెళ్లండి. కాగితం మీద కొలతలు ఇచ్చి రాకండి. డయల్ గేజ్ లేని షాపు అయితే ఎంత తక్కువకు చేస్తామన్నా వద్దు. మధ్యలో స్టెప్పు తీస్తారా అని ముందే అడగండి. "బోల్టులే పట్టుకుంటాయిలే" అన్నారంటే వచ్చేయండి.

వచ్చే నెల షాఫ్ట్ మళ్లీ దింపుతున్నాం. ఈసారి లోపలి నాలుగు బోల్టులూ కొత్తవి వేయిస్తాను.