అను తెలుగా, ఫోన్ తెలుగా? షాపు పనికి ఏది మేలు

నెల్లూరు ట్రంకురోడ్డు పక్క సందులో మాదో చిన్న డీటీపీ షాపు. జిరాక్స్, లామినేషన్, కరపత్రాలు, పెళ్లి కార్డులు, ఫ్లెక్సీ డిజైన్లు, ఏ పనొస్తే ఆ పని. ఇరవై ఏళ్లుగా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్‌నీ, అందులో తెలుగు కొట్టే అను ఫాంట్లనీ నమ్ముకుని బతుకుతున్నవాణ్ని. కాబట్టి అనుకూ, ఫోన్లలో ఉండే యూనికోడ్ తెలుగుకూ పెట్టే ఈ పోలికలో త్రాసు కాస్త అటు మొగ్గినా మొగ్గొచ్చు, చూసుకుని చదవండి.

ఈ లెక్క తేల్చుకోక తప్పని పరిస్థితి తెచ్చింది బుచ్చిరెడ్డిపాలెం నుంచి వచ్చే ఒక అక్క. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్ముతుంది. అంతకు ముందు ఏడాది ధరల పట్టీ నా దగ్గరే వేయించుకుంది. ఈసారి కాగితం వద్దంది. "అబ్బయా, ఆ పట్టీని నా వాట్సాప్‌కి పంపు. మామిడికాయ రేటు రోజుకోరకంగా ఉండాది. నేనే మార్చుకుని అందరికీ పంపుకుంటా" అని కూర్చుంది. ఎంత పని అనుకుని పేజ్‌మేకర్‌లో ఉన్న మేటరు కాపీ చేసి వాట్సాప్‌లో అతికించాను. ఆవకాయ, మాగాయ, గోంగూర ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, కామాలు, డాలరు గుర్తులు, ఎక్కడా చూడని చుక్కలు వరసగా పడ్డాయి.

"ఏంది అబ్బయా ఇది, చైనా భాషా?"

ఫొటో తీసి పంపొచ్చు. కానీ ఫొటోలో రేటు మార్చుకోవడం ఆమె వల్ల కాదు. ఆమె అడిగింది బొమ్మ కాదు, మాటలు.

చాలామంది షాపు యజమానులకు తెలియని సంగతి ఇక్కడే ఉంది. అనులో టైపు చేసింది మన కంటికి తెలుగు, కంప్యూటరుకు కాదు. ఇంగ్లిష్ అక్షరాలకూ గుర్తులకూ ఉన్న గళ్లలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు: ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో ఒత్తు, ఇంకో గడిలో కొమ్ము. ఆ ఫాంటు ఉన్న మెషీన్లో అది తెలుగు వేషం కడుతుంది. ఫాంటు లేని చోట వేషం ఊడిపోతుంది. యూనికోడ్ అలా కాదు. అందులో తెలుగు అక్షరాలకు విడిగా నంబర్లున్నాయి. 'క' నంబరు 3093. నా కంప్యూటరులోనైనా, అక్క ఫోన్లోనైనా, దుబాయ్‌లో ఉన్న వాళ్ల అబ్బాయి ఫోన్లోనైనా అదే. 1991లో వచ్చిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. ఫోన్లలోకి వచ్చాకే మనకు దాని అవసరం తెలిసింది.

కాగితం మీద

ఇక్కడ అనుదే పైచేయి. కరపత్రం, పెళ్లి కార్డు, బిల్లు పుస్తకం, గుడి ఆహ్వాన పత్రిక ఏదైనా సరే, అనుపమ, ప్రియాంక లాంటి ఫాంట్లలో అక్షరం బరువుగా, నిండుగా కూర్చుంటుంది. ఒత్తులు కింది వరసను గుద్దుకోవు. నెల్లూరు ప్రెస్సుల్లో చాలా ఏళ్లుగా చేతులు అలవాటు పడింది వీటికే. పెళ్లి కార్డుకు వచ్చిన పెద్దమనిషి "అక్షరం ముద్దుగా ఉండాల" అంటే నా వేలు ఇప్పటికీ దానంతటదే అటు పోతుంది.

యూనికోడ్‌లో అందమైన ఫాంట్లు లేవనడం మాత్రం పాత మాట. సిలికానాంధ్ర అనే తెలుగు సంస్థ వాళ్లు ఉచితంగా ఇచ్చిన రామభద్ర, మల్లన్న, మండలి, సూరన్న, గిడుగు, ధూర్జటి ఎవరైనా దించుకోవచ్చు. కొట్టు పేరుకు రామభద్ర వేసి చూడండి, రోడ్డు అవతలి నుంచి చదవొచ్చు. సన్నటి మేటరుకు మండలి బాగుంటుంది. అయినా రకరకాల వంపుల విషయంలో అను సంచీ ఇంకా పెద్దదే, ఒప్పుకోవాలి.

గొడవంతా సాఫ్ట్‌వేర్‌తో. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలుగు అర్థం కాదు. దాని ఆఖరి వెర్షన్ 7, వచ్చింది 2001లో. ఆ తర్వాత దాన్ని చేసే అడోబీ కంపెనీ దాన్ని వదిలేసి ఇన్‌డిజైన్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ మీద పడింది. కొత్త విండోస్‌లో పేజ్‌మేకర్ మొరాయిస్తే అడిగే నాథుడు లేడు. నా షాపులో దాని కోసమే ఒక ముసలి కంప్యూటరును దేవుడి పటంలా కాపాడుకుంటున్నాను.

అలాగని ఫొటోషాప్‌లో యూనికోడ్ అంటే హాయి అనుకోకండి. మూడేళ్ల కిందట ఒక మిఠాయి కొట్టుకు ఎనిమిదడుగుల ఫ్లెక్సీ చేశాను. మలై కాజా ఫొటో, కింద ఫోన్ నంబరు, పైన 'శ్రీ లక్ష్మీ' అని పెద్ద అక్షరాలు. ఫైలును లేయర్లు కలపకుండా అలాగే ఫ్లెక్సీ ప్రెస్సుకు పంపాను. తప్పు నాదే. ఓనరు ఆఖరి నిమిషంలో పేరు పక్కన 'స్వీట్స్' అని కలపమన్నాడట, ప్రెస్సు కుర్రాడు అక్కడే కలిపేశాడు. వాళ్ల ఫొటోషాప్‌లో తెలుగుకు కావాల్సిన సెట్టింగు లేదు. అక్షరాలన్నీ మళ్లీ కూర్చుకునేటప్పుడు ఒత్తులు విడిపోయాయి. కొట్టు ముందు నిచ్చెన వేసి ఫ్లెక్సీ విప్పితే 'శ్‌రీ లక్‌ష్‌మీ స్‌వీట్‌స్' అని వెలిగిపోతోంది. ఓనరు పైకి చూశాడు, నా వైపు చూశాడు, మళ్లీ పైకి చూశాడు. ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. రెండో ఫ్లెక్సీ డబ్బులు నేనే పెట్టుకున్నా.

ఫొటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో టైప్ అనే చోట మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అనే ఆప్షన్ ఉంటుంది. కొత్త వాటిలో వరల్డ్ రెడీ లేఅవుట్ అంటారు. అది పెట్టుకుంటే ఒత్తులు కుదురుగా ఉంటాయి. అసలు బయటి ప్రెస్సుకు ఏది పంపినా, అను అయినా యూనికోడ్ అయినా, అక్షరాలను బొమ్మగా మార్చో పీడీఎఫ్ చేసో పంపండి. తెరిచి దిద్దే వీలు ఎవరికీ ఇవ్వొద్దు.

కాన్వా సంగతి

కాన్వా అంటే ఫోన్లోనే పోస్టర్లు, బొమ్మలు డిజైన్ చేసుకునే యాప్. అది వచ్చాక కుర్రాళ్లు షాపుకు రావడమే తగ్గించారు. "కాన్వాలో చేసుకున్నా అన్నా, ప్రింటు ఒక్కటి కొట్టివ్వు" అంటున్నారు. నాకు లోపల చురుక్కుమన్నా, పండగ ఆఫర్ పోస్టరు, వాట్సాప్ స్టేటస్, ఇన్‌స్టాగ్రామ్ బొమ్మ లాంటి వాటికి ఫోన్లోనే కాన్వా చాలు. ఉచితంగా వచ్చేదే సరిపోతుంది. పది నిమిషాల పనికి నా దగ్గరికొచ్చి గంటసేపు కూర్చోవడం ఎందుకు?

చిక్కులు మాత్రం రెండున్నాయి. అందులోని డిజైన్లు ఇంగ్లిష్ అక్షరాలను దృష్టిలో పెట్టుకుని చేసినవి. అక్షరాల మధ్య ఎడం ఎక్కువ పెట్టిన డిజైన్లో తెలుగు వేస్తే గుణింతాలు చెదిరినట్టు కనిపిస్తాయి. ఎడం సున్నా చేసి, వరసల మధ్య జాగా పెంచితే గానీ కుదురుకోదు. రెండోది కొలత. ఇన్‌స్టాగ్రామ్ కోసం 1080 పిక్సెళ్లతో చేసిన చదరపు బొమ్మను తెచ్చి ఎనిమిదడుగుల ఫ్లెక్సీ వేయమంటారు. ఎనిమిదడుగులంటే 96 అంగుళాలు. అంగుళానికి 11 చుక్కలే వస్తాయి. దగ్గరికెళ్తే ఓనరు మొహం గళ్ల లుంగీలా కనిపిస్తుంది. కొలత మొదట్లోనే పెట్టుకుని ప్రింట్ పీడీఎఫ్‌గా దించుకుంటే అక్షరాలైనా పదునుగా ఉంటాయి. అచ్చుకు కావాల్సిన సీఎమ్‌వైకే రంగులు డబ్బు కట్టిన వాళ్లకే ఇస్తుంది, అందుకే తెర మీద మెరిసిన ఎరుపు కాగితం మీద కొంచెం మాడుతుంది.

ఫోన్లో, గూగుల్లో

ఇక్కడ పోటీయే లేదు. వాట్సాప్ బిజినెస్‌లో కేటలాగు, సరుకు వివరాలు, ఎవరైనా మెసేజి పెట్టగానే వెళ్లే జవాబు, గూగుల్ మ్యాప్స్‌లో షాపు వివరం, ఇవన్నీ యూనికోడ్‌లోనే సాధ్యం. అనులో టైపు చేసి వెబ్‌సైటులో పెడితే వెతికేవాళ్లకు దొరకదు, ఎందుకంటే గూగుల్‌కు అందులో 'ఆవకాయ' అనే మాటే కనిపించదు.

ఒక్క మాట. తెలుగు మీద ప్రేమతో అన్నీ తెలుగులోనే పెట్టేయకండి. మనవాళ్లు మాట్లాడేది తెలుగే అయినా వెతికేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువు దగ్గరికి తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి వచ్చేవాళ్లు రూము కోసం, భోజనం కోసం మ్యాప్స్ తీస్తే తెలుగు బోర్డు వాళ్లకేం అర్థమవుతుంది? బోర్డు మీద పేరు రెండు లిపుల్లో ఉంచుకుని, మ్యాప్స్‌లో వివరం కూడా రెండు రకాలుగా రాసుకోవడం మేలు.

ఎస్సెమ్మెస్ దగ్గర మాత్రం తెలుగుకు దెబ్బే. ఇంగ్లిష్‌లో ఒక మెసేజికి 160 అక్షరాలు పడితే, తెలుగులో 70. ఆ 70 కూడా మనం లెక్కపెట్టినట్టు కాదు. 'లక్ష్మీ' మన కంటికి రెండక్షరాలు. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడిదీర్ఘం, ఇలా దాని లెక్కలో ఏడు. బల్క్ మెసేజీలు కొనుక్కునే బట్టల షాపువాళ్లకు ఈ లెక్క చెబితే "వాట్సాపే కొట్టిద్దాం లే అన్నా" అంటున్నారు. సబబే.

టైపు ఎలా

నా వేళ్లకు అనులో 'యాపిల్' అనే కీబోర్డు పద్ధతే వచ్చు. కళ్లు మూసుకుని కొడతా. కొత్తగా నేర్చుకునేవాళ్లకు దాన్ని నేర్పను. ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు విండోస్‌లో ముందే ఉంటుంది, రోజంతా టైపు చేసే ఉద్యోగానికి అదే నేర్చుకోవడం మంచిది. అంత ఓపిక లేనివాళ్లకు, ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే తెలుగు వచ్చే ఫొనెటిక్ కీబోర్డు 2019 నుంచి విండోస్ 10లోనే ఇస్తున్నారు. ఏమీ పెట్టుకోకుండా బ్రౌజర్లోనే కొట్టుకోవాలంటే లేఖిని అనే వెబ్‌సైటు ఉంది. ఫోన్లో అయితే గూగుల్ వాళ్ల కీబోర్డు, జీబోర్డు. 2017 నుంచి అది తెలుగు మాటలు విని కూడా రాస్తోంది. వేగంలో నోటిని మించింది లేదు, తప్పుల్లోనూ అంతే.

పాత మేటరు

షాపులో ఇరవై ఏళ్ల అను ఫైళ్లున్న నాబోటి వాళ్ల తిప్పలు వేరు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. పేజీలు పేజీలుంటే అవే దిక్కు. చిన్నదైతే నేను అడ్డదారి తొక్కుతా: పేజీని ఫొటోగా మార్చి గూగుల్ డ్రైవ్‌లో వేసి, దాన్ని గూగుల్ డాక్స్‌తో తెరుస్తా. బొమ్మలోని తెలుగును చదివి యూనికోడ్‌లో రాసి ఇస్తుంది. 'ధ' ఉన్న చోట 'ద' పడటం మామూలే. అంకెలు మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. అక్క లేబుల్ మీద ఉన్న 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార లైసెన్సు) నంబరులో ఒక అంకె ఎగిరిపోతే నేను ఆఖరి క్షణంలో పట్టుకున్నా.

ఇన్ని చూశాక నేను మార్చుకున్నది ఫాంటు కాదు, పని వరస. ఇదివరకు మేటరు అనులో కొట్టి, తర్వాత వాట్సాప్‌కు కావాలంటే మళ్లీ కొట్టేవాణ్ని. ఇప్పుడు ఏ కస్టమరు వచ్చినా మేటరు ముందు యూనికోడ్‌లో. ఫోన్లో వాళ్లే కొట్టి పంపితే ఇంకా మంచిది, తప్పులు వాళ్లే చూసుకుంటారు, ఇంటిపేరు దగ్గర గొడవ ఉండదు. వాట్సాప్, మ్యాప్స్, కాన్వా అన్నిటికీ అదే మేటరు. పెళ్లి కార్డుకో, గుడి పత్రికకో అందం కావాల్సి వస్తే అప్పుడు, ఆ ఒక్కదానికే, అనులోకి పోతా. షాపు కొత్తగా పెట్టే కుర్రాడెవరైనా అడిగితే అను కొనమని చెప్పను. పదేళ్ల నుంచి పెళ్లి కార్డులే వేస్తున్న ప్రెస్సును మానెయ్యమనీ చెప్పను.

బుచ్చి అక్కకు ఆ రోజే మొత్తం పట్టీ ఫోన్లో కొట్టిచ్చి, మైకు బొమ్మ నొక్కి మాట్లాడితే తెలుగు ఎలా పడుతుందో చూపించాను. వారం తిరక్కుండానే తనే కొత్త పట్టీ చెప్పి రాయించుకుంది. అంతా బాగానే వచ్చింది, 'మాగాయ' ఒక్కటి 'మా గాయం' అయింది. చూసుకోకుండా అందరికీ పంపేసింది. వాట్సాప్‌లో పంపినదాన్ని పావుగంట లోపు దిద్దుకోవచ్చు గానీ, అక్క కళ్లజోడు పెట్టుకుని చదువుకునేసరికి గంట దాటింది. ఇప్పటికీ వాళ్ల వీధిలో కొందరు "అక్కా, అర కేజీ గాయం" అనే ఆర్డరు పెడుతున్నారట.