ఎరుపు, పసుపు, మధ్యలో గని దీపం: బల్లార్‌పూర్‌లో కుట్టించిన పదహారు జెర్సీలు

మా గని క్వార్టర్ల పిల్లల ఫుట్‌బాల్ జట్టుకు ఈ ఏడాది సంక్రాంతి వెళ్లాక పదహారు జెర్సీలు కుట్టించాం. ఆ పని చేసిపెట్టిన దర్జీ దుకాణం బల్లార్‌పూర్ బజారులో ఒక సందులో ఉంది. మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఉన్న తెలుగువాళ్లలో ఎవరైనా ఆటల దుస్తులు కుట్టించుకోవాలనుకుంటే ఉపయోగపడుతుందని మా అనుభవాన్ని వివరంగా రాస్తున్నాను.

రంగుల సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే ఈ దుకాణం గొప్పతనం అక్కడే తెలిసింది. మేము కోరినవి ఉత్తర ఫ్రాన్స్‌లోని లాన్స్ అనే బొగ్గు గనుల ఊరి క్లబ్బు రంగులు. ఆ క్లబ్బు పూర్తి పేరు రేసింగ్ క్లబ్ ద లాన్స్. అక్కడివాళ్లు తమ జట్టును ‘రక్తం, బంగారం’ అని పిలుచుకుంటారు. గత ఏడాది ఇవే రంగుల్లో నాలుగు చొక్కాలను ఒక ఆన్‌లైన్ సంస్థ దగ్గర తెప్పించుకుంటే, మొదటి ఉతుకుకే ఎరుపు దిగి పసుపు మీదకు పాకింది, భుజాల దగ్గర గుడ్డ ముడుచుకుపోయింది. డబ్బు వెనక్కి రాలేదు. అందుకే ఈసారి చేత్తో తడిమి చూసి గుడ్డ ఎంచుకోవాలనుకున్నాం.

దుకాణం నడిపే పెద్దాయన కుటుంబం తాతల కాలంలో కరీంనగర్ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడింది. ఇంట్లో తెలుగు, కౌంటరు దగ్గర మరాఠీ, హిందీ. మొదట చూపించిన నమూనాలో పసుపు నిమ్మపండు రంగులో ఉంది. అది కాదు, బంగారు వన్నె కావాలని అన్నాను. ఒక్క ఛాయ కోసం ఇంత పట్టుదల ఎందుకని ఆయన అడిగారు. 1906లో క్లబ్బు పుట్టినప్పుడు ఈ రంగులు లేవని చెప్పాను. కుర్రాళ్లు ప్లాస్ వెర్త్ అనే చోట ఆడేవారు కాబట్టి దాని పేరులోని ఆకుపచ్చను, బొగ్గుకు గుర్తుగా నలుపును పెట్టుకున్నారు. ఎరుపు, బంగారు రంగులు 1920లలో వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఊరు నేలమట్టమైంది. అప్పుడు కూలిన సెయింట్ లెజే చర్చి శిథిలాల పక్కగా నడుస్తూ, 1648 వరకు ఆ ఊరిని ఏలిన స్పెయిన్‌ను తలచుకుని, క్లబ్బు అధ్యక్షుడు స్పెయిన్ జెండా రంగులను ఎంచుకున్నాడని అక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. 1956 దాకా ఆదిలాబాదు జిల్లాలో ఉండి ఆ తరువాత ఇటు కలిసిన రాజురా మాకు వార్ధా నది అవతలి ఒడ్డే కాబట్టి, పాత ఏలుబడి గుర్తు ఒక చొక్కా మీద మిగిలిపోవడం ఆయనకు వింతగా అనిపించలేదు. మర్నాటికి నాగపూర్ నుంచి వేరే తాను తెప్పించి, బంతిపువ్వు రంగు గుడ్డను నా ముందు పరిచారు. అది సరిగ్గా మేము కోరిన రంగే.

ఛాతీ మీద క్లబ్బు చిహ్నాన్ని నకలు చేయించడం నాకు ఇష్టం లేదు. ఆ చిహ్నంలో ఉన్న గని దీపం ఒక్కటి చాలనుకున్నాను. ఫోనులో బొమ్మ చిన్నదిగా ఉండటంతో, మా బాపు గనిలో కార్మికుల భద్రత చూసే సర్దారుగా పదవీ విరమణ చేసిన రోజున తోటివారు కానుకగా ఇచ్చిన ఇత్తడి దీపాన్ని సంచిలో పెట్టుకుని వెళ్లాను. పెద్దాయన దాన్ని రెండు చేతులతో అందుకుని, “ఇది బాయి దీపం గదా బిడ్డా, గ్యాసు చూసేది. మా బావ చేతిల చూసిన” అన్నారు. తరువాత దాన్ని కాగితం మీద పక్కకు పడుకోబెట్టి, పెన్సిలుతో అంచు వెంబడి గీసి, పైనున్న కొక్కేన్ని, గాజు చుట్టూ నిలబడ్డ సన్నని కడ్డీలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకున్నారు. జెర్సీల మీద నల్లదారంతో కుట్టిన దీపంలో ఆ కడ్డీలు లెక్క తప్పకుండా ఉన్నాయి. మంటకు మాత్రం పసుపు దారం వాడారు. రెండు అంగుళాలు మించని బొమ్మలో అంత పనితనాన్ని నేను ఇంతకుముందు చూడలేదు.

ఆ దీపం కుడుతున్న రెండు రోజులూ నేను దుకాణంలో కూర్చుని లాన్స్ కథ చెబుతూనే ఉన్నాను, ఆయన మిషను ఆపి మరీ విన్నారు. క్లబ్బు పుట్టిన 1906లోనే, మార్చి 10న, లాన్స్ పక్కనున్న కుర్రియేర్ గనుల్లో పేలుడు జరిగి 1,099 మంది చనిపోయారు. వారిలో గనిలో పనిచేసే పిల్లలు కూడా ఉన్నారు. ఆ విషయం విన్నాక ఆయన చాలాసేపు మాట్లాడలేదు. 1930ల తొలినాళ్లలో క్లబ్బు స్టేడియాన్ని పని పోయిన గని కార్మికుల చేత కట్టించారు. దానికి గనుల కంపెనీ అధికారి ఫెలిక్స్ బొలార్ పేరు పెట్టారు. ఆటగాళ్లలో చాలామంది గనుల్లో పనికి వలస వచ్చిన పోలండ్ కుటుంబాల పిల్లలే. 1958 ప్రపంచకప్‌లో ఫ్రాన్స్ తరఫున ఆడిన మరియాన్ విస్నియెవ్‌స్కీ అలాంటి ఇంటివాడే. 1960ల చివర బొగ్గు తగ్గుముఖం పట్టి క్లబ్బును పోషిస్తూ వచ్చిన గనుల యాజమాన్యం చేతులెత్తేసినప్పుడు క్లబ్బు ప్రొఫెషనల్ హోదా కూడా వదులుకోవలసి వచ్చింది. ఊరి మేయరు ఆంద్రే దెలెలిస్, పురపాలక సంఘం పూనుకోకపోతే కథ అక్కడే ముగిసేది. ఆ కృతజ్ఞతతోనే 2012లో స్టేడియం పేరుకు ఆయన పేరును జోడించారు. ముప్ఫై రెండు వేలకు అటూ ఇటూ జనాభా ఉన్న ఊళ్లో ముప్ఫై ఎనిమిది వేల మంది పట్టే స్టేడియం ఉందంటే, చుట్టుపక్కల గనుల వాడలన్నీ అక్కడికే తరలివస్తాయని అర్థం.

నాకు అన్నిటికంటే ప్రియమైనది 1998 మే 9. ఆ ప్రాంతంలో చివరి గని మూతపడి అప్పటికి ఏడేళ్లు దాటింది. ఓసేర్ జట్టు మైదానంలో మొదట ఒక గోలు ఇచ్చుకుని వెనకబడ్డ లాన్స్‌కు యోవాన్ లషోర్ గోలు కొట్టి సమం చేశాడు. మెట్జ్‌తో సమానంగా 68 పాయింట్లు వచ్చినా, గోల్స్ తేడాలో ముందుండటం వల్ల లాన్స్ తన చరిత్రలో తొలిసారి ఫ్రాన్స్ ఛాంపియన్ అయింది. అదే ఏడాది నవంబరులో లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఇంగ్లండ్ క్లబ్బు ఆర్సెనల్‌ను 1-0తో ఓడించింది. 2023లో పారిస్ జట్టుకు ఒకే ఒక్క పాయింటు తేడాతో రెండో స్థానంలో నిలిచింది. ఇవన్నీ చెప్పినప్పుడు పెద్దాయన మా జట్టు కెప్టెన్ చొక్కా మీద, మెడ వెనక లోపలివైపు, 98 అంకెను పసుపు దారంతో కుట్టారు. మేము అడగలేదు, దానికి పైసా తీసుకోలేదు.

ఇక లోపాలు. వారంలో ఇస్తామన్నవి పదకొండో రోజున చేతికి వచ్చాయి. వెనక నెంబర్లను ఈ దుకాణం తానే వేయదు, బయట ప్రింటింగ్ చేయిస్తుంది. మూడో ఉతుకు తరువాత 4, 11 నెంబర్ల అంచులు లేచాయి. చూపించగానే వాదన పెట్టుకోకుండా రెండు చొక్కాలూ తీసుకుని, ఈసారి నెంబర్లను గుడ్డలో కత్తిరించి కుట్టి ఇచ్చారు. మీరు కుట్టించుకునేటట్టయితే మొదటి నుంచీ కుట్టిన నెంబర్లే అడగండి. చొక్కాకు నలభై రూపాయలు ఎక్కువవుతుంది. చిన్న సైజుల్లో చంక దగ్గర కాస్త బిగువుగా ఉన్నందువల్ల పదేళ్ల లోపు పిల్లలను వెంట తీసుకెళ్లి కొలతలు ఇవ్వడం మంచిది.

దీపం ఎంబ్రాయిడరీతో కలిపి ఒక్కో జెర్సీకి 420 రూపాయలు పడింది. గుడ్డ ఎండలో చెమటను పీల్చుకుంటోంది, ఓపెన్‌కాస్ట్ (నేలను పైనుంచి తవ్వే) గని వైపు నుంచి గాలికి వచ్చే బొగ్గు దుమ్ము చల్లనీళ్లతోనే వదులుతోంది, ఎరుపు ఇప్పటిదాకా ఒక్క చుక్క కూడా దిగలేదు. నాలుగు నెలలుగా వారానికి రెండుసార్లు వాడుతున్నా భుజాల కుట్టు ఎక్కడా ఊడలేదు.

పోయిన ఆదివారం మళ్లీ వెళ్లి, చిన్న పిల్లల జట్టుకు పన్నెండు చొక్కాలు చెప్పి వచ్చాను. ఈసారి 1906 నాటి ఆకుపచ్చ, నలుపు. దీపం కాగితాన్ని పెద్దాయన పారేయలేదు. బీరువా తలుపు లోపలివైపు అంటించి ఉంచారు.