సోమశిల: లాంచీ కన్నా పొద్దుటి పడవ

కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిలకు వచ్చేవాళ్లు చాలామంది సోమేశ్వరుడి దర్శనం చేసుకుని, రేవులో ఫొటోలు దిగి, చేపల ఫ్రై తిని మధ్యాహ్నానికల్లా వెళ్లిపోతున్నారు. నా మాట విని ఒక రాత్రి ఉండండి. కృష్ణ అందం చూడాలంటే తెల్లారగట్లే చూడాలి.

మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్ మీదుగా కొల్లాపూర్ వచ్చాం. అక్కడి నుంచి సోమశిల దగ్గరే. టూరిజం వాళ్ల కాటేజీలు ఏటి ఒడ్డునే ఉన్నాయి, కానీ శని, ఆదివారాల్లో ఖాళీ దొరకడం కష్టం. మేం దిగిన ప్రైవేటు గదికి ఫోన్‌లో చెప్పిన రేటు ఒకటి, తీసుకున్నది ఇంకొకటి. ఏసీ, వేడినీళ్ల సంగతి ముందే తేల్చుకోండి.

ఇక్కడి నుంచి శ్రీశైలం పోయే లాంచీ నల్లమల కొండల మధ్య ఏడు గంటలకు పైగా పోతుంది, అదీ నీళ్లు నిండుగా ఉన్న రోజుల్లోనే. ఇంట్లో పెద్దవాళ్లతో వెళ్తే అదే సుఖం. పక్షుల కోసమైతే మాత్రం చిన్న పడవ మాట్లాడుకోండి.

"పాటలు పెట్టాల్నా సార్?" అన్నాడు పడవాయన.

"వద్దన్నా, పిట్టలున్న దిక్కు పోనియ్."

మునిగిన చెట్ల మోడుల మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. నన్ను కట్టిపడేసింది మాత్రం రివర్ టెర్న్ అనే ఏటి పిట్ట. నల్లటి నెత్తి, ముదురు పసుపు ముక్కు, చీలిన తోక. గాల్లో ఒక్కచోటే రెక్కలాడిస్తూ, తల వంచి నీళ్లలోకి చూస్తుంది. చటుక్కున పడి లేచేసరికి ముక్కున వేలెడంత చేప, ఇంకా కొట్టుకుంటూ.

ఎండాకాలం నీళ్లు దిగాక తేలే ఇసుక దిబ్బల మీదే ఇవి గుడ్లు పెడతాయి. గూడేమీ ఉండదు, ఇసుకలో చిన్న గుంట, అంతే. గుడ్లు కూడా ఇసుక రంగే, కాలు పడేదాకా కనబడవు. శ్రీశైలం జలాశయం తగ్గి, అందులో మునిగి ఉండే సంగమేశ్వరం గుడి బయటపడేదీ, జనం పడవల్లో తరలివచ్చేదీ ఆ రోజుల్లోనే. గుడికి తప్పకుండా వెళ్లండి. సెల్ఫీ కోసం దిబ్బలు మాత్రం ఎక్కకండి, పిల్లల్ని ఎక్కించకండి. చేపపిల్లల్ని సైతం ఊడ్చేసే అలివి వలలు ఈ తీరంలో మొదటి నుంచీ గొడవే. ఆ చిన్న చేపలు లేకపోతే జాలర్ల బతుకూ లేదు, ఈ పిట్టలూ ఉండవు.

లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎంత తక్కువకి వచ్చినా ఎక్కొద్దు. 2007 జనవరిలో ఈ కృష్ణలోనే పడవ మునిగి 60 మందికి పైగా పోయారు. మేం అడిగితే జాకెట్లు తెచ్చారు, రెండింటికి బకిల్స్ లేవు. మార్చి ఇచ్చాకే ఎక్కాం.

తిరుగు ప్రయాణంలో పెబ్బేరు దారి పట్టి జటప్రోలు మదనగోపాలస్వామి గుడి చూశాం. సోమశిల గుడిలాగే ఇదీ శ్రీశైలం జలాశయం ముంపు నుంచి రాళ్లు విప్పి తెచ్చి మళ్లీ కట్టిందే. స్తంభాల మీది చెక్కడానికి గంటైనా చాలదు.