‘సెక్రటరీ’ సినిమా: రాజశేఖరంగా అక్కినేని కుదిరారా?

యద్దనపూడి సులోచనారాణి నవల చదివినవాళ్లకు రాజశేఖరం అంటే ఎత్తరి, యువకుడు, తక్కువ మాటల మనిషి. 1976లో కె.ఎస్.ప్రకాశరావు తీసిన ఈ సినిమాలో ఆ పాత్ర అక్కినేనిది. అప్పటికి ఆయనకు యాభై దాటాయి. ఆ పాత్రకు ఆయన వయసు ఎక్కువన్నదే నవల అభిమానుల వాదన.

నా లెక్కలో అసలు లోటు వయసు కాదు. అతని దగ్గర సెక్రటరీగా చేరే నాయిక జయంతి రాజశేఖరాన్ని అపార్థం చేసుకోవడానికి అతని దర్పంలో కాస్త దుడుకు కనిపించాలి. అక్కినేని చూపులో మొదటినుంచే పెద్దరికం, మెత్తదనం. అతను మంచివాడని మనకు ముందే తెలిసిపోతుంది, సందేహం నిలవదు. దగ్గరి షాట్లలో గొంతు తగ్గించి పలికే మాటలు మాత్రం అచ్చం నవల్లోవే అనిపిస్తాయి.

జయంతిగా వాణిశ్రీ ఎంపికకు తిరుగులేదు. నవల్లో జయంతి ఆత్మాభిమానం సగం ఆమె ఆలోచనల్లోనే నడుస్తుంది, తెరమీద వాటికి చోటులేదు. ఆ పనంతా వాణిశ్రీ మెడ నిటారుగా నిలిపి, జవాబివ్వడానికి ఒక్క క్షణం ఆగి చేసింది. ఎంత బాగుందో!

నవల చదవనివాళ్లు ముందు సినిమా చూడండి. చదివినవాళ్లు వాణిశ్రీ కోసం చూడండి. జయంతి ఉద్యోగంలో చేరే ఘట్టాలు తప్పకుండా చూడాల్సినవి.