రాత్రి తొమ్మిదికి మూసే దారి

శ్రీశైలం వెళ్తూ వస్తూ మన్ననూరును కనీసం ఇరవైసార్లు దాటి ఉంటాను. చెక్‌పోస్టు దగ్గర కారు ఆగడం, కోతులకు ఏమీ వేయవద్దని వెనక సీటుకు చెప్పడం, మళ్లీ సాగిపోవడం, అంతే. హైదరాబాద్‌కు సుమారు 140 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ ఊళ్లో ఈ డిసెంబరులో రెండు రాత్రులు ఆగాం. నేను, మా ఆవిడ, పన్నెండేళ్ల మా అబ్బాయి.

మొదటి రాత్రి రోడ్డు పక్కనే ఉన్న ఒక ప్రైవేటు వసతిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది. వేడినీళ్లు ఇరవై నాలుగు గంటలూ వస్తాయన్నారు. వచ్చాయి, ఉదయం ఎనిమిదింటికి, ఒక బకెట్టు. మా సఫారీ ఆరున్నరకు. చలిలో చన్నీళ్లు పోసుకున్న మా ఆవిడ ఆ పూటంతా నాతో మాట్లాడలేదు.

అసలు చిక్కు నీళ్లతో కాదు, రోడ్డుతో. అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా వెళ్లే ఈ దారిని రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు మూసేస్తారు. జంతువులకు అది గొప్ప మేలు. కానీ ఆలస్యంగా వచ్చిన బండ్లన్నీ గేటు ముందు బారులు తీరతాయి. తెల్లవారుజామునే హారన్లు మొదలవుతాయి. అడవి నిశ్శబ్దం కోసం వచ్చి లారీల మోతకు నిద్ర లేచాం. గది ఎంచుకునేటప్పుడు ముందు అడగవలసింది ఏసీ గురించి కాదు, రోడ్డుకు ఎంత దూరమన్నది. రెండో రాత్రి లోపలికి ఉన్న అటవీశాఖ కాటేజీకి మారాం. హంగులేమీ లేవు, దుప్పట్లు మాత్రం మందంగా ఉన్నాయి. తొమ్మిది దాటాక రోడ్డు సద్దుమణిగింది. కాసేపటికి ఎక్కడో కణుజు (సాంబార్ జింక) ఒక్కసారి అరిచి ఊరుకుంది. యాత్ర మొత్తంలో నాకు మిగిలింది ఆ అరుపే.

ఫరహాబాద్ సఫారీలో పులి కనిపించలేదు. కనిపిస్తుందని ఎవరూ మాట ఇవ్వలేదు కూడా. దుప్పులు, నెమళ్లు, కొండముచ్చులు కనిపించాయి. మాతో వచ్చిన చెంచు గైడ్ జీపు ఆపించి, ఎలుగుబంటి తవ్విన చెదపుట్టను చూపించాడు. మట్టి ఇంకా తడిగానే ఉంది. “రాత్రి వచ్చి పోయింది సార్,” అన్నాడు, పక్కింటివాళ్ల గురించి చెప్పినంత మామూలుగా. మా వాడు ఫోను జేబులో పెట్టేసింది అప్పుడే. కొండ అంచున వ్యూపాయింటు చేరేసరికి లోయ నిండా మంచు. అరగంట ఆగితే తప్ప కింది మైదానం కనబడదు. సఫారీవాళ్లు అంతసేపు ఆగరు, బతిమాలుకోవాలి.

మల్లెలతీర్థం జలపాతం గురించి ఒక్క మాట. మెట్లు మూడు వందలకు పైనే, ఎక్కేటప్పుడే అసలు లెక్క తెలుస్తుంది. చలికాలంలో ధార సన్నబడుతుంది. ఫొటోల్లోని జలపాతం కావాలంటే వానలు పడ్డాక వెళ్లండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైనే కూర్చోండి.

ఆదివారం రద్దీ ఎక్కువ కాబట్టి సఫారీ ముందే బుక్ చేసుకోవడం మేలు. పెట్రోలు కూడా అడవిలోకి రాకముందే పోయించుకోవాలి. తిరిగి వస్తుంటే డిండి దగ్గర టీ తాగాం. ఈసారి శ్రీశైలం పోలేదేమని మా అమ్మ ఫోనులో నిలదీసింది. దానికి ఇంకా జవాబు చెప్పలేదు.