దొంగరాతను పట్టడానికి ఏది మేలు: కాంతి, క్రొమటోగ్రఫీ, రామన్?

ఒప్పంద పత్రంలో 6000 అని రాసి ఉంటే, ఎవరో చివర ఒక సున్నా చేర్చి 60000 చేశారనుకుందాం. రెండూ నీలి సిరాయే, కంటికి తేడా తెలియదు. ఆ సున్నా వేరే పెన్నుతో పెట్టిందని తేల్చడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి.

నా ఓటు ముందుగా కాంతికే. పత్రానికి ఏ హానీ జరగదు, నిమిషాల్లో తేలుతుంది, అవతలి పక్షం నిపుణుడు కూడా అదే పరీక్ష మళ్లీ చేసి చూసుకోవచ్చు. కంటికి ఒకేలా కనిపించే రెండు నీలి సిరాల్లో రంగుల కూర్పు వేరైతే, కంటికి కనిపించని పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతిలో కెమెరాతో చూస్తే ఒకటి నల్లగా నిలుస్తుంది, రెండోది మాయమవుతుంది. మామూలు బాల్‌పెన్ సిరాలు చాలావరకు మాయమయ్యే రకమే. కార్బన్ బ్లాక్ కలిపిన నల్ల జెల్ సిరా మాత్రం చెక్కుచెదరదు. అయితే తేడా కనిపించనంత మాత్రాన రెండూ ఒకటేనని కాదు. కాంతికి చిక్కని తేడాలు ఎన్నో ఉంటాయి.

అక్కడ పలుచని పొర క్రొమటోగ్రఫీ అక్కరకొస్తుంది. మొన అరగదీసిన సూదితో గీత మీంచి మిల్లీమీటరు కన్నా చిన్న ముక్కలు తీసి, సిరాను పిరిడిన్ లాంటి ద్రావకంలో కరిగించి, సిలికా పలక మీద చుక్కగా పెడతారు. పలక అంచును వేరొక ద్రావకంలో నిలబెడితే, క్రిస్టల్ వయొలెట్, మిథైల్ వయొలెట్, రాగి థాలోసయనిన్ వంటి రంగులు వేర్వేరు ఎత్తులకు ఎగబాకుతాయి. బాల్‌పెన్ సిరాలను విడదీయడంలో దీని బలం గట్టిది. పత్రానికి చిల్లులు పడటమే దీనికి చెల్లించే మూల్యం. ఇంకో చిక్కూ ఉంది: వెలుతురు సోకితే క్రిస్టల్ వయొలెట్ విచ్ఛిన్నమవుతుంది. ఎండ తగిలిన కాగితాన్నీ ఫైలులో దాచిన కాగితాన్నీ పోలిస్తే, ఒకే సిరా కూడా రెండుగా కనిపించగలదు. అందుకే ఒకే కాగితం మీది రాతలను పోల్చడమే క్షేమం.

జెల్ సిరా దగ్గర ఈ పద్ధతి తరచూ చతికిలబడుతుంది. అందులోని రంగు చాలాసార్లు ద్రావకంలో కరగని పిగ్మెంటు (సన్నని రంగు పొడి) కాబట్టి పెట్టిన చోటే ఉండిపోతుంది. అలాంటప్పుడు రామన్ స్పెక్ట్రోస్కోపీయే మేలు. 1928లో సి.వి. రామన్ కనుగొన్న ప్రభావమే దీనికి ఆధారం. గీత మీద లేజర్ పడ్డాక చెదిరే కాంతి, అందులోని అణువుల గుర్తులను పట్టిస్తుంది. చిల్లు అక్కర్లేదు, కానీ లేజర్ తీవ్రత ఎక్కువైతే గీత మాడుతుంది. సిరా, కాగితం తామే మెరిస్తే ఆ మెరుపులో అసలు సంకేతం మునిగిపోతుంది. 785 నానోమీటర్ల లాంటి పొడవైన తరంగాల లేజర్ వాడితే ఈ బెడద తగ్గుతుంది.

ఇక వరుస సంగతి. ముందు ఫొటోలు, తర్వాత కాంతి, ఆపై రామన్. సూది అన్నిటికన్నా చివర, అదీ బాల్‌పెన్ అయితేనే, పత్రం పెట్టినవారి అనుమతితోనే. ఒక్కోసారి పోలికే అవసరం లేదు. జెల్ పెన్నులు 1984లో వచ్చాయి కనుక, 1975 తేదీ వేసి జెల్ సిరాతో రాసిన పత్రం తేదీ అక్కడే అబద్ధమని తేలుతుంది.

నివేదికలో "సిరాలు వేరు" అని గట్టిగా రాయవచ్చు. "ఒకే పెన్ను" అని మాత్రం ఏ పరీక్షా రాయనివ్వదు, ఎందుకంటే ఒకే కూర్పు సిరా లెక్కలేనన్ని పెన్నుల్లోకి వెళ్తుంది. అసలు పెన్నుతోనే ఆ సున్నా చేర్చి ఉంటే మూడు పద్ధతులూ మౌనం వహిస్తాయి. అప్పుడు చూడాల్సినవి అంకెల మధ్య ఎడం, గీతలు ఒకదాన్నొకటి దాటిన చోటు, కాగితం వెనక పడ్డ ఒత్తిడి.