పట్టణ చాంబర్ సభ్యత్వం ఎవరికి పనికొస్తుంది? చిన్న కారం మిల్లు నడిపే సభ్యురాలి సమీక్ష

కారం, పసుపు, ధనియాల పొడి ఆడించి ప్యాకెట్లు కట్టే చిన్న యూనిట్ మాది. గుంటూరు మిర్చి యార్డును నమ్ముకుని బతికే పట్టణాల్లో మాదీ ఒకటి. జీఎస్టీ రావడానికి కొద్దిగా ముందు మా ఊరి వ్యాపారుల సంఘం చాంబర్ ఆఫ్ కామర్స్‌లో చేరాను, ఇప్పటికీ కొనసాగుతున్నాను. కొత్తగా వ్యాపారం పెట్టిన పిల్లలు ఈమధ్య "చాంబర్‌లో చేరితే ఏమొస్తుంది అక్కా?" అని తరచూ అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకంటే ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది. చాంబర్ పేరు మాత్రం రాయడం లేదు. మంచితో పాటు లోట్లు కూడా చెప్పబోతున్నాను, ఆ లోట్లు మా ఒక్క ఊరివే కావని ఇరుగుపొరుగు పట్టణాల వాళ్లతో మాట్లాడాక తెలిసింది.

నా సలహా అయితే చేరమనే. కానీ చాంబర్ మీకు గిరాకీ తెచ్చిపెడుతుందని అనుకోవద్దు. కొనేవాళ్లను వెతికిపెట్టదు, అప్పు ఇప్పించదు, పోటీదారుణ్ణి ఆపదు. అధికారి బల్ల ముందు, నోటీసు చేతిలో పట్టుకుని ఒంటరిగా నిలబడాల్సిన చోట మీ పక్కన తెలిసిన మనిషిని నిలబెడుతుంది. ఇన్నేళ్లలో నాకు దక్కిన లాభమంతా ఇలాంటి చోట్లే దక్కింది.

ఒక సంగతి వివరంగా చెబుతాను. ఒకసారి కారం, ధనియాల పొడి లోడు హైదరాబాద్ పంపాం. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో సరుకు రవాణాకు ఉండాల్సిన జీఎస్టీ వేబిల్లు కొట్టేటప్పుడు బండి నంబరులో చివరి అంకె తప్పు పడింది. దారిలో తనిఖీ వాళ్లు బండి ఆపేశారు. జీఎస్టీ చట్టం 129వ సెక్షన్ కింద పెనాల్టీ కట్టి సరుకు విడిపించుకోండి అన్నారు. 2022 నుంచి ఆ పెనాల్టీ కట్టాల్సిన పన్నుకు రెండింతలు. డ్రైవర్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. మా ఆడిటర్ గారు ఊళ్లో లేరు. చాంబర్ సెక్రటరీ గారికి ఫోన్ చేశాను. ఆయన కంగారు పడలేదు, "ఎన్ని అంకెలు తప్పమ్మా? ఒకటా, రెండా, ఇంకా ఎక్కువా?" అని అడిగారు. ఒకటేనండీ అన్నాను. "అయితే భయం లేదు. ఇన్వాయిస్సూ, వేబిల్లూ, బండి ఆర్‌సీ ఫొటోలు తీసి పంపించు" అన్నారు.

పది నిమిషాల్లో ఆయన దగ్గర్నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2018 సెప్టెంబరు 14న ఇచ్చిన 64వ నంబరు సర్క్యులర్ అది. బండి నంబరులో ఒకటి రెండు అంకెలు తప్పు పడినా, పేరులో అక్షరం అటూ ఇటూ అయినా, ఇలాంటి చిన్న పొరపాట్లకు 129 కింద కేసు పెట్టొద్దని అందులో స్పష్టంగా ఉంది. రాష్ట్రం లోపలైతే కేంద్రం కింద 500, రాష్ట్రం కింద 500 జరిమానా. రాష్ట్రం దాటే సరుకైతే 1000. ఆ పేరా దగ్గర గీత గీసి మరీ పంపారు. డ్రైవర్ ఫోన్లోనే దాన్ని ఆ అధికారికి చూపించాడు. సెక్రటరీ గారు కూడా లైన్లోకి వచ్చి మర్యాదగా రెండు మాటలు మాట్లాడారు. వెయ్యి రూపాయలతో బండి కదిలింది. ఆ సర్క్యులర్ ఎవరైనా చదువుకోవచ్చు, రహస్యమేమీ లేదు. కానీ అలాంటిది ఒకటి ఉందని, అది ఏ నంబరులో ఉందో బండి ఆగిన ఆ నిమిషంలో చెప్పగలిగే మనిషి ఉండాలి. చాంబర్ ఏడాది రుసుము మా ఆడిటర్ గారు ఒక నెల రిటర్నులకు తీసుకునేదానికన్నా తక్కువ. ఆ ఒక్క రోజుతో ఎన్నేళ్ల రుసుము తిరిగొచ్చిందో మీరే లెక్కేసుకోండి.

పన్నుల విషయంలో చాంబర్ చేసిన మేలు అక్కడితో ఆగలేదు. 2017 జూలైలో జీఎస్టీ మొదలైనప్పుడు, సరుకును బట్టి పన్ను రేటు తేల్చే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ అంటే ఏమిటో ఊళ్లో సగం మందికి తెలియదు. చాంబర్ హాల్లో సాయంత్రాలు ఆడిటర్లను పిలిచి తరగతులు పెట్టారు. కిరాణా కొట్ల గుమస్తాలు కూడా నోటు పుస్తకాలతో వచ్చి కూర్చున్నారు. 2022 జూలై 18న లేబుల్ వేసి ప్యాక్ చేసిన బియ్యం, పప్పు, పిండి మీద 5 శాతం పన్ను పడినప్పుడు దేశమంతా వ్యాపారులు అభ్యంతరం చెప్పారు, మావాళ్లూ మెమోరాండం ఇచ్చారు. పన్ను ఆగలేదు. అయితే 25 కేజీలు దాటిన ప్యాకింగ్‌కు అది వర్తించదన్న వివరణ మా బియ్యం వర్తకులకు చాంబర్ ద్వారా వెంటనే అందింది. ఇవాళ మార్కెట్లో 26 కేజీల బియ్యం బస్తాలు ఎందుకు కనిపిస్తున్నాయని అడిగేవాళ్లకు జవాబు అదే. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ శ్లాబులు (పన్ను రేట్లు) మారినప్పుడు కూడా అంతే. నెయ్యి, సబ్బులు, నూడిల్స్ పాత ఎంఆర్‌పీతో నిల్వ ఉన్న కొట్ల వాళ్లు ఏ ధరకు అమ్మాలో, స్టిక్కర్ ఎలా వేయాలో తెలియక సతమతమవుతుంటే ఒక పేజీ తెలుగులో టైపు చేయించి అందరికీ పంచారు. ఆ ఒక్క పేజీ తెలుగులో ఉండడం ఎంత మేలో కొట్లో కూర్చునేవాళ్లకే తెలుస్తుంది.

ఇక తగాదాలు. చాంబర్‌లో నాకు అన్నిటికంటే నచ్చినది ఇదే. సభ్యుల మధ్య గొడవ వస్తే కోర్టు మెట్లు ఎక్కకుండా పెద్దలు కూర్చోబెట్టి తేలుస్తారు. ఒక కమిషన్ వ్యాపారి ద్వారా కొన్న తేజ రకం మిర్చిలో అడుగు బస్తాలు తేమతో వచ్చాయి, తాలు కాయలు కూడా ఎక్కువ కలిశాయి. ఆయనేమో సరుకు చూసుకునే తీసుకెళ్లారు కదా అంటారు. మాటా మాటా పెరిగింది. ఇద్దర్నీ చాంబర్‌కు పిలిచారు. నేను నా పట్టీలు, కాటా చీటీలు తీసుకెళ్లాను, ఆయన తన ఖాతా పుస్తకం తెచ్చుకున్నారు. రెండు బస్తాలు అక్కడే విప్పించారు. గదంతా ఘాటు పట్టి అందరికీ దగ్గు. అరవై ఏళ్లు యార్డులోనే గడిపిన పెద్దాయన ఒకరు పై నుంచి ఒక కాయ, అడుగు నుంచి ఒక కాయ తీసి చెవి దగ్గర పెట్టి ఆడించారు. పై కాయలో గింజలు గలగలమన్నాయి. అడుగు కాయ చప్పుడే చేయలేదు. తొడిమ విరిచారు, విరగలేదు, వంగింది. "బస్తా కట్టినప్పుడే మెత్తగా ఉంది నాయనా" అన్నారు ఆ వ్యాపారితో. ఆయన ఇంక వాదించలేదు. తేమ బస్తాల మీద ధర తగ్గించడానికి ఒప్పుకున్నారు, నేను మిగతా డబ్బు ఆ వారంలోనే కట్టేశాను. ఇప్పటికీ ఆయన దగ్గరే కొంటున్నాను. కోర్టుకు వెళ్లి ఉంటే న్యాయం ఎవరివైపు తేలినా మా మధ్య వ్యాపారం మిగిలేది కాదు.

అదే ఎదుటివాడు సభ్యుడు కాకపోతే చాంబర్ చేయి అంత దూరం పోదు. ఒక సూపర్ మార్కెట్ గొలుసు మాకు చాలాకాలం బకాయి పెట్టింది. చాంబర్ లెటర్ హెడ్డు మీద ఉత్తరం వెళ్లింది, కొంత వచ్చింది, మిగతాది రాలేదు. అప్పుడు ఉపయోగపడింది ఉత్తరం కంటే చాంబర్ పెట్టిన అవగాహన సమావేశం. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారుకు రాతపూర్వక ఒప్పందం ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలని 2006 నాటి చట్టం చెబుతుంది. ఆలస్యమైతే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. కొనుగోలుదారు గడువులో కట్టకపోతే ఆదాయపు పన్నులో ఆ ఖర్చును ఆ ఏడాది చూపించుకోనివ్వని నిబంధన కూడా 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి అమల్లో ఉంది. ఇలాంటి బకాయిల మీద ఫిర్యాదు చేసే సమాధాన్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టే పద్ధతి ఆ సమావేశంలో తెరమీద చూపించారు. ఆ ఫిర్యాదులు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్ తీర్పు మీద కొనుగోలుదారు కోర్టుకు వెళ్లాలంటే ముందు 75 శాతం డిపాజిట్ చేయాలన్న సంగతి నాకు అక్కడే తెలిసింది. దరఖాస్తు పెట్టాను. నోటీసు అందిన తర్వాత అసలు మొత్తం వచ్చింది, వడ్డీ దగ్గర రాజీ పడ్డాను.

ఆ సమావేశంలోనే ఇంకో సంగతి కూడా చెప్పారు, చాలామంది నిరుత్సాహపడ్డారు. హోల్‌సేల్, రిటైల్ వర్తకులకు 2021 జూలై నుంచి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఇస్తున్నా, అది బ్యాంకు ప్రాధాన్య రుణాల వరకే. బకాయిల రక్షణ వాళ్లకు లేదు. తయారుచేసేవాళ్లకు ఒక న్యాయం, అమ్మేవాళ్లకు ఒక న్యాయం ఏమిటని మా హోల్‌సేల్ సభ్యులు అడిగారు. అది అడగాల్సిన ప్రశ్నే, చాంబర్లు గట్టిగా పట్టుకోవాల్సిన పనే. నాకు లాభం ఉంది కదా అని నేను ఊరుకోలేను.

ఎగుమతులు చేసేవాళ్లు మాత్రం చేరేముందు ఒకటి అడిగి తెలుసుకోండి. గల్ఫ్‌కు సరుకు పంపితే అక్కడి కొనుగోలుదారు సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ (సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పే పత్రం) అడుగుతాడు. దాన్ని చాంబర్లు ఇస్తాయి కానీ అన్ని చాంబర్లూ ఇవ్వలేవు, విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జాబితాలో పేరు ఉండాలి. మా చాంబర్ పేరు అందులో లేదు. మా ఏజెంటు హైదరాబాద్‌లో ఉంటారు కాబట్టి రెడ్ హిల్స్‌లోని ఎఫ్‌టీసీసీఐ ద్వారా తెప్పించుకున్నాం. 1917లో మొదలైన తెలంగాణ వాణిజ్య, పరిశ్రమల చాంబర్ల సమాఖ్య అది, పని నియమం ప్రకారం జరిగిపోయింది. 2025 జనవరి 1 నుంచి ఈ దరఖాస్తులు ఆన్‌లైన్లోనే పెట్టాలి కాబట్టి దూరం ఇప్పుడు పెద్ద అడ్డంకి కాదు. ఇంకో మాట, చాంబర్ ఇచ్చే ఈ సర్టిఫికెట్‌తో యూఏఈలో సుంకం రాయితీ రాదు. 2022 మే 1 నుంచి అమల్లో ఉన్న భారత్-యూఏఈ వాణిజ్య ఒప్పందం కింద రాయితీ కావాలంటే దానికి వేరే సర్టిఫికెట్, ప్రభుత్వం నియమించిన ఏజెన్సీలు ఇచ్చేది కావాలి. రెండూ ఒకటేననుకుని పంపి అక్కడ సుంకం కట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

కరెంటు గురించి కూడా కొంచెం చెప్పాలి. ఏటా విద్యుత్ నియంత్రణ మండలి చార్జీల మీద బహిరంగ విచారణ జరుపుతుంది. మా మిల్లులాంటి వాళ్లం ఒక్కొక్కరం వెళ్లి డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) లెక్కల మీద అభ్యంతరం రాయలేం. చాంబర్ అందరి బిల్లులు పోగుచేసి, తెలిసినవాళ్లతో రాయించి దాఖలు చేస్తుంది. ప్రతిసారీ చార్జీ తగ్గదు. కానీ అభ్యంతరానికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వాల్సిన పరిస్థితి వస్తుంది, ఆ జవాబు తర్వాతి వాదనకు పనికొస్తుంది.

ఇప్పుడు లోట్లు. అన్నిటికంటే పెద్దది, చాంబర్ కార్యవర్గం ఊరిని పోలి లేదు. బంగారం, బట్టలు, ఎరువులు, బియ్యం మిల్లుల పెద్దలే ఎక్కువ. ఇంట్లో పచ్చళ్లు పట్టి అమ్మే ఆడవాళ్లు, మొబైల్ రిపేర్ కుర్రాళ్లు, టిఫిన్ సెంటర్ల వాళ్లు ఊళ్లో వందల్లో ఉన్నా సభ్యత్వ పుస్తకంలో కనిపించరు. వాళ్లను రమ్మని అడిగినవాళ్లూ తక్కువే. సమావేశాలు రాత్రి కొట్లు కట్టేశాక మొదలవుతాయి, పదకొండు దాకా సాగుతాయి. ఆడవాళ్లు ఎలా వస్తారు? నేను వెళ్లినప్పుడు అందరూ గౌరవంగానే "కూర్చోండమ్మా" అని ముందు వరసలో కుర్చీ వేస్తారు. మాట్లాడే అవకాశం మాత్రం చివర్లో, సగం మంది లేచి వెళ్లాక వస్తుంది.

రెండోది, పెద్ద సభ్యుడికీ చిన్న సభ్యుడికీ గొడవైతే పెద్దలు నెమ్మదిస్తారు. మిర్చి తగాదాలో నాకు వారంలో తేలింది. ఒక ప్యాకింగ్ సామాను వర్తకుడికి తనకంటే చాలా పెద్ద మిల్లుతో వచ్చిన తగాదా నెలల తరబడి వచ్చే మీటింగుకు, ఆ వచ్చే మీటింగుకు వాయిదా పడింది. ఆయన చివరికి సభ్యత్వం వదిలేశారు. ఇది నన్ను బాధపెట్టిన విషయం. చిన్నవాడికి నమ్మకం పోతే చాంబర్ దగ్గర మిగిలేది భవనమూ, కల్యాణ మంటపం అద్దే.

వాట్సాప్ గ్రూపు గురించి ఒక్క మాట చాలు: పండగ శుభాకాంక్షల మధ్య అసలు నోటీసు కొట్టుకుపోతుంది. నోటీసులకే వేరే గ్రూపు పెట్టమని రాసి ఇచ్చాను, ఇంకా పెట్టలేదు.

చేరాలనుకునేవాళ్లు ఆఫీసుకు వెళ్లినప్పుడు సావనీరు చూసి నిర్ణయించుకోకండి. పోయిన ఏడాది ఏయే శాఖలకు ఏమేం ఉత్తరాలు రాశారో ఆ ఫైలు చూపించమనండి. మా సెక్రటరీ గారు అడిగితే చూపిస్తారు: మురుగు కాలువ గురించి మున్సిపల్ కమిషనర్‌కు, చిల్లర నాణేల గురించి లీడ్ బ్యాంకుకు, తూకాల ముద్ర క్యాంపు ఊళ్లోనే పెట్టమని తూనికల శాఖకు. ఆ ఫైలు బరువుగా ఉన్న చాంబర్ పనిచేస్తున్న చాంబర్. చేరాక మీ సమస్యను నోటితో చెప్పి వదిలేయకండి, కాగితం మీద రాసి ఇచ్చి ఇన్‌వార్డ్ నంబరు వేయించుకోండి. నోటిమాటగా చెప్పినవి మర్చిపోతారు, నంబరు పడినవి ఎజెండాలోకి వస్తాయి.

వచ్చే కార్యవర్గం ఎన్నికల్లో నేను నామినేషన్ వేస్తున్నాను. రెండే అడుగుతున్నాను: నెలకొక సమావేశం పగటిపూట పెట్టాలి, సభ్యుల తగాదా ఏదైనా ముప్పై రోజుల్లో తేల్చి నిర్ణయం రాతలో ఇవ్వాలి. ఊళ్లో ఓటున్న సభ్యులు ఇది చదువుతుంటే నాతో మాట్లాడండి, ఉదయం పదకొండు దాకా మిల్లు దగ్గరే ఉంటాను.